ఫ్యాక్టరీ భద్రత పేరుతో మనం కట్టే డబ్బు ఎటు పోతోంది? లెక్క తీయడం ఎలా

విశాఖ ఆటోనగర్‌లో ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డుకి చాలా ఏళ్లు లెక్కలు రాశాను. లైసెన్సు ఫీజు కట్టే రోజు వచ్చిందంటే చాలు, మా ఓనరు గారు ఒకటే మాట అనేవారు. "ఏమ్మా, ఇంత కడుతున్నాం, మన షెడ్డు గడప తొక్కి చూసిన ఇన్‌స్పెక్టరు ఏడీ?" అదే షెడ్డులో కాంట్రాక్టు వెల్డరుగా చేసే కుర్రాడు ఒకరోజు తన పే స్లిప్పు తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. సేఫ్టీ షూ పేరుతో జీతంలో కోత పడింది. "మేడమ్, ఇది కొయ్యొచ్చా?" అన్నాడు. అతని కాళ్లకున్న ఆ షూ చూశాను. వేడి రజను పడి పైతోలు చిల్లులు పడింది, మడమ దగ్గర అడుగు ఊడి బైండింగ్ వైరుతో కట్టి ఉంది.

ఓనరు గారి ప్రశ్న, ఆ కుర్రాడి ప్రశ్న వేరు వేరని అప్పట్లో అనుకున్నాను. రెండూ ఒకటే. భద్రతకి డబ్బు ఎవరు పెట్టాలి, పెట్టిన డబ్బు ఎక్కడికి పోతోంది అన్నదే ఆ ప్రశ్న. జవాబు కాగితాల మీద దొరుకుతుంది. ఎలా వెతకాలో నాకు తెలిసిన వరుసలో చెబుతాను. మీరు చిన్న యూనిట్ నడిపేవారైనా, సేఫ్టీ కమిటీలో కార్మికుల తరఫున ఉన్నవారైనా ఈ దారి పనికొస్తుంది.

1. కాగితాలన్నీ తీసి మూడు కుప్పలు పెట్టండి

ఒక ఏడాదికి సంబంధించిన రసీదులు, చలానాలు, బిల్లులు నేల మీద పరచండి. ఎవరు వసూలు చేశారన్నది కాదు, డబ్బు చివరికి ఎక్కడ చేరిందన్నది చూసి వేరు చేయండి.

మొదటి కుప్ప ప్రభుత్వ ఖజానాకి పోయినది. ఫ్యాక్టరీ లైసెన్సు ఫీజు, ప్లాను ఆమోదం ఫీజు, బాయిలరు ఉంటే దాని తనిఖీ ఫీజు ఇందులోకి వస్తాయి. రెండో కుప్ప ఫలానా పనికే వాడాలని చట్టం చెప్పిన నిధుల్లోకి పోయినది. ఈఎస్ఐ చందా, షెడ్డు కట్టినప్పుడు కట్టిన భవన నిర్మాణ సెస్సు ఇక్కడ పెట్టండి. ప్రమాదకర రసాయనాలు వాడే యూనిట్ అయితే 1991 నాటి పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ చట్టం కింద, ప్రీమియంతో పాటు అంతే మొత్తం పర్యావరణ సహాయ నిధికి కట్టి ఉంటారు. ఆ కాగితం కూడా ఇందులోదే. మూడో కుప్ప ప్రైవేటు వాళ్లకి పోయినది. క్రేను, చైన్ బ్లాకు, లిఫ్టు పరీక్షించే కాంపిటెంట్ పర్సన్ (ఆ పరీక్షలకి శాఖ గుర్తింపు ఉన్న నిపుణుడు) ఫీజు, సేఫ్టీ ఆడిట్ బిల్లు, హెల్మెట్లు, గ్లౌజులు కొన్న బిల్లులు.

చాలామంది ఇక్కడే తికమక పడతారు. "ఈఎస్ఐ కడుతున్నాం కదా, తనిఖీ వాళ్లు రారేం?" అని అడిగేవారు నాకు చాలామంది తగిలారు. యజమాని వాటా 3.25 శాతం, కార్మికుడి వాటా 0.75 శాతం. ఆ డబ్బు మల్కాపురం ఈఎస్ఐ ఆసుపత్రి లాంటి చోట్ల వైద్యానికీ, పని చేయలేని రోజుల భృతికీ పోతుంది. దెబ్బ తగిలాక ఆదుకునే డబ్బు అది. దెబ్బ తగలకుండా చూసే ఇన్‌స్పెక్టరు జీతం అందులోంచి రాదు.

సెస్సు సంగతి కూడా అంతే. నిర్మాణ వ్యయంలో 1 శాతం చొప్పున కట్టేది భవన నిర్మాణ కార్మికుల సంక్షేమానికి. ఆ నిధి ఖర్చు కాకుండా పడి ఉండటం మీద, కొన్నిచోట్ల ల్యాప్‌టాప్‌లకీ వాషింగ్ మెషీన్లకీ వాడటం మీద సుప్రీంకోర్టు 2018 మార్చి తీర్పులో గట్టిగానే అడిగింది. నిధి ఉన్నంత మాత్రాన డబ్బు చేరాల్సిన చోటికి చేరినట్టు కాదు.

2. చలానా మీద పద్దు నంబరు చదవండి

మొదటి కుప్పలోంచి లైసెన్సు ఫీజు చలానా తీయండి. అందులో మీ ఫ్యాక్టరీ పేరు, మొత్తం కాకుండా ఒక పొడవాటి అంకె ఉంటుంది. దాన్ని ఎవరూ పట్టించుకోరు, నేనూ పదేళ్లు పట్టించుకోలేదు. డబ్బు ఎక్కడికి చేరిందో చెప్పే చిరునామా అదే.

మొదటి నాలుగు అంకెలు 0230 అయితే అది కార్మిక, ఉపాధి శాఖ తరఫున వచ్చే ఆదాయం. తర్వాత 00 దాటాక వచ్చే మూడంకెల్లో 104 అంటే ఫ్యాక్టరీల చట్టం కింద వసూలైన ఫీజు, 103 అంటే ఆవిరి బాయిలర్ల తనిఖీ ఫీజు. ఈ అంకెలు దేశమంతటా ఒకటే. ఆ తర్వాత వచ్చేవి రాష్ట్రం లోపల పెట్టుకున్న ఉప పద్దులు.

0230తో మొదలైన డబ్బు ఫ్యాక్టరీల శాఖ బీరువాలోకి వెళ్లదు. రాష్ట్ర సంచిత నిధిలో కలుస్తుంది. రాజ్యాంగం 266వ అధికరణం ప్రకారం పన్నులు, ఫీజులు అన్నీ చేరే ఒకే పెద్ద కుండ అది. అందులో పడ్డాక మీ లైసెన్సు రూపాయికీ, మద్యం మీద వచ్చిన రూపాయికీ తేడా ఉండదు. ఫ్యాక్టరీల శాఖకి ఎంత ఇవ్వాలో బడ్జెట్లో విడిగా నిర్ణయిస్తారు. కాబట్టి ఫీజు పెరిగినంత మాత్రాన ఇన్‌స్పెక్టర్లు పెరగరు.

చలానా లేని చెల్లింపు ఏదైనా ప్రభుత్వ ఫీజు కాదు. "ఇన్‌స్పెక్షన్ ఖర్చులు" అని చేతికి ఇమ్మని మా షెడ్డులోనూ ఒకసారి ఒకాయన అడిగాడు. పద్దు నంబరు చెప్పండి, ఆన్‌లైన్‌లో కడతాం అన్నాం. మళ్లీ రాలేదు. మీకు ఇలాంటిది ఎదురైతే అవినీతి నిరోధక శాఖ టోల్ ఫ్రీ నంబరు 1064.

3. కట్టిన మొత్తం సరైనదేనా చూడండి

లైసెన్సు ఫీజు పట్టిక గడుల్లాగా ఉంటుంది. ఒకవైపు మీ యంత్రాల హార్స్ పవర్, రెండోవైపు ఏ ఒక్కరోజైనా పని చేసే గరిష్ఠ కార్మికుల సంఖ్య. రెండూ కలిసే గడిలో ఉన్నదే మీ ఫీజు. మోటార్ల ప్లేట్ల మీద ఉన్న హెచ్‌పీ అంతా కలపండి, కాంట్రాక్టు వాళ్లని కూడా లెక్కపెట్టండి.

ఇక్కడ కాస్త గట్టిగా మాట్లాడాలి. ఫీజు మిగులుతుందని, తనిఖీ తప్పుతుందని మనుషుల్ని తక్కువ చూపించడం మన దగ్గర మామూలు అయిపోయింది. పవర్ వాడే చోట 10 మంది, అంతకు మించి ఉంటే ఫ్యాక్టరీ అని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం అనేది కాబట్టి రిజిస్టర్లో 9 మంది ఉండేవారు, లోపల 16 మంది ఉండేవారు. మిగతా ఏడుగురికి ఏమైనా జరిగితే వాళ్లు అక్కడ పని చేస్తున్నట్టు నిరూపించడానికి కుటుంబం తిరగాల్సి వస్తుంది. మిగిలిన ఫీజు ఎంత? ఒక వెల్డింగ్ మెషీన్ రిపేరుకి అయ్యేంత కూడా కాదు. ఈ పని చేయకండి.

ఇప్పుడు ఆ హద్దు కూడా మారింది. 2025 నవంబరు 21 నుంచి నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటిలో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2020 ఫ్యాక్టరీల చట్టాన్ని తనలో కలిపేసుకుంది. పవర్ ఉన్నచోట 20 మంది, లేనిచోట 40 మంది ఉంటేనే ఇక ఫ్యాక్టరీ. అయితే 10 మంది, అంతకు మించి ఉన్న సంస్థ కోడ్ పరిధిలోనే ఉంటుంది, భద్రత బాధ్యత పోదు. ఇన్‌స్పెక్టరు పేరు కూడా 'ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్' అయింది. బాయిలర్ల విషయంలో 1923 నాటి చట్టం స్థానంలో 2025 మే 1 నుంచి కొత్త చట్టం ఉంది. అందుకే పాత పట్టిక పట్టుకుని లెక్క వేయకుండా, కట్టే రోజున అమల్లో ఉన్న పట్టిక కాపీ అడిగి తీసుకోండి.

హద్దు 20కి పెంచడం నాకు నచ్చలేదు. ఆటోనగర్, పెదగంట్యాడ చుట్టుపక్కల షెడ్లలో 12 మంది, 15 మంది పని చేసేవే ఎక్కువగా చూశాను. వేళ్లు పోయేది అక్కడి పవర్ ప్రెస్సుల కిందే.

4. బడ్జెట్ పుస్తకంలో రెండు పేజీలు వెతకండి

ఏటా బడ్జెట్ పెట్టాక రాష్ట్ర ఆర్థిక శాఖ ఆ సంపుటాలన్నీ వెబ్‌సైట్‌లో పెడుతుంది. మీకు కావలసినవి రెండే.

ఒకటి ఆదాయం సంపుటం. అందులో 0230 వెతికి, దాని కింద 103, 104 వరుసలు రాసుకోండి. రెండోది ఖర్చు సంపుటం. అందులో 2230 కార్మిక, ఉపాధి పద్దు. దాని కింద 01 కార్మికులు, దాని కింద 102 పని పరిస్థితులు, భద్రత. ఫ్యాక్టరీల శాఖ, బాయిలర్ల శాఖ ఖర్చు అక్కడ దొరుకుతుంది.

ప్రతి వరుసకీ కొన్ని గడులుంటాయి. రెండేళ్ల కిందటి అసలు లెక్క, నిరుటి అంచనా, నిరుటి సవరించిన అంచనా, ఈ ఏటి అంచనా. అంచనాలు చూసి సంబరపడకండి, బాధపడకండి. అసలు లెక్క ఉన్న గడినే నమ్మండి. పేజీ పైన అంకెలు వేలల్లో ఉన్నాయా, లక్షల్లో ఉన్నాయా చూసుకోండి. ఒకసారి అది చూడకుండా లెక్క వేసి, మీటింగులో అందరి ముందూ వందరెట్ల తప్పు చదివాను.

ఖర్చు పేజీలో మొత్తం ఒక్కటే చూసి ఆగిపోవద్దు. లోపల ఇంకో మూడంకెలుంటాయి. 010 జీతాలు, 110 ప్రయాణ ఖర్చులు, 130 ఆఫీసు ఖర్చులు, 240 పెట్రోలు, డీజిలు. నేను ముందు చూసేది 110, 240. తనిఖీ అంటే మనిషి కదలాలి. గాజువాక నుంచి పరవాడ ఫార్మా సిటీకి, అక్కడి నుంచి అచ్యుతాపురానికి వెళ్లి రావాలంటే బండి కావాలి, డీజిలు కావాలి. జీతాల గడి నిండుగా ఉండి ప్రయాణాల గడి ఎండిపోయి ఉంటే ఇన్‌స్పెక్టరు కుర్చీలోనే ఉంటాడు. అది ఆయన తప్పు కాదు.

ఇప్పుడు 103, 104 కింద వచ్చింది ఒకవైపు, 102 కింద ఖర్చయింది ఇంకోవైపు పెట్టండి. వచ్చినది ఎక్కువైతే యజమానుల సంఘాలు "మా ఫీజు మాకే ఖర్చు పెట్టండి" అంటాయి. కోర్టుకి వెళ్తే ఏమవుతుంది? ఫీజు అంటే దానికి బదులుగా సేవ ఉండాలని 1954లో శిరూరు మఠం కేసులో సుప్రీంకోర్టు అంది. 1983లో మన రాష్ట్రపు మార్కెట్ ఫీజు మీదే వచ్చిన శ్రీనివాస జనరల్ ట్రేడర్స్ కేసులో మాత్రం, రూపాయికి రూపాయి సరిపోనక్కర్లేదు, మొత్తం మీద సంబంధం ఉంటే చాలని తేల్చింది. కాబట్టి కోర్టు దారి కన్నా లెక్క చూపించి అడిగే దారే మేలు.

5. సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి

బడ్జెట్ పుస్తకం రాష్ట్రం మొత్తం లెక్క చెబుతుంది. మన విశాఖ సంగతి అందులో ఉండదు. దానికి నగరంలోని జాయింట్ చీఫ్ ఇన్‌స్పెక్టర్ ఆఫ్ ఫ్యాక్టరీస్ కార్యాలయంలోని పౌర సమాచార అధికారికి దరఖాస్తు రాయండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక పరవాడ, అచ్యుతాపురం అనకాపల్లి జిల్లాలోకి వెళ్లాయి. కాబట్టి ఏ ప్రాంతం లెక్క కావాలో మండలాల పేర్లతో రాయండి. పోర్టు లోపలి డాక్ పని (ఓడల్లోకి సరుకు ఎక్కించడం, దించడం) అయితే రాష్ట్రం కాదు, కేంద్రం కింద ఉన్న డాక్ సేఫ్టీ ఇన్‌స్పెక్టరేట్‌కి రాయాలి. పొరపాటున వేరే ఆఫీసుకి వెళ్లినా 5 రోజుల్లో సరైన చోటికి వాళ్లే పంపాలి.

ఫీజు 10 రూపాయలు, తెల్ల కార్డు ఉంటే అదీ అక్కర్లేదు. "తనిఖీలు ఎందుకు చేయట్లేదు?" అని రాస్తే జవాబు రాదు. ఎందుకు అన్నదానికి రికార్డు ఉండదు కదా. రికార్డు ఉన్నదే అడగండి. నేను రాసే తీరు ఇది:

"గత మూడు ఆర్థిక సంవత్సరాలకు, సంవత్సరం వారీగా, ఈ కింది సమాచారం ఇవ్వగలరు. మీ పరిధిలో లైసెన్సు ఫీజు రూపంలో వసూలైన మొత్తం. మీ పరిధిలో ఫ్యాక్టరీల సంఖ్య, వాటిలో ప్రమాదకర ప్రక్రియలు ఉన్నవి ఎన్ని. మంజూరైన ఇన్‌స్పెక్టర్ పోస్టులు, భర్తీ అయినవి, ఖాళీలు. చేసిన తనిఖీల సంఖ్య. ప్రయాణ ఖర్చుల కింద విడుదలైన మొత్తం, ఖర్చయిన మొత్తం. నమోదైన ప్రాణాంతక ప్రమాదాలు, వాటిపై వేసిన కేసులు, కోర్టులు విధించిన జరిమానా మొత్తం."

దరఖాస్తు రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకదాని మీద తేదీ ముద్ర వేయించుకుని మీ దగ్గర ఉంచుకోండి. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే, వచ్చినది అరకొరగా ఉంటే, మరో 30 రోజుల్లోగా అదే శాఖలో పై అధికారికి మొదటి అప్పీలు. అక్కడా తేలకపోతే 90 రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కి రెండో అప్పీలు. ముద్ర పడిన కాపీ లేకపోతే ఏ రోజు ఇచ్చారో అప్పీలులో చూపించడం కష్టం.

6. కార్మికుడి జేబులోంచి కోత పడుతోందా చూడండి

ఆ వెల్డరు కుర్రాడి పే స్లిప్పు దగ్గరికి వస్తాను. కొయ్యకూడదు. ఫ్యాక్టరీల చట్టంలో 114వ సెక్షన్ ఆ మాట ఎప్పుడో చెప్పింది. చట్టం ప్రకారం ఇవ్వాల్సిన సౌకర్యాలకీ, పరికరాలకీ కార్మికుడి దగ్గర డబ్బు తీసుకోకూడదు. కొత్త కోడ్ 6వ సెక్షన్ అదే మాటని ఇంకా విడమరిచి చెప్పింది. పని ప్రదేశంలో భద్రత, ఆరోగ్యం కోసం చేసే దేనికైనా, వృత్తి వ్యాధులు కనిపెట్టే వైద్య పరీక్షలకైనా ఉద్యోగి మీద ఏ ఛార్జీ వేయకూడదు.

కాబట్టి పే స్లిప్పులు తెప్పించి 'పీపీఈ' (హెల్మెట్లు, గ్లౌజుల్లాంటి రక్షణ పరికరాలు), 'షూ', 'మెడికల్', 'గేట్ పాస్ ట్రైనింగ్' లాంటి పేర్లు వెతకండి. కోత స్లిప్పులో కనిపించకుండా ముందే నగదు తీసుకుంటారు కొందరు కాంట్రాక్టర్లు. మనుషుల్ని విడిగా కూర్చోబెట్టి, టీ తాగుతూ అడిగితే తప్ప అది బయటికి రాదు. దొరికితే ముందు యాజమాన్యానికి రాతపూర్వకంగా, సెక్షన్ నంబరు వేసి ఇవ్వండి. మా కుర్రాడి విషయంలో మా ఓనరు గారే కాంట్రాక్టరుకి ఫోన్ చేసి, కోసింది వెనక్కి ఇస్తేనే బిల్లు పాస్ చేస్తానన్నారు. తర్వాతి నెల డబ్బుతో పాటు కొత్త షూ కూడా వచ్చాయి. ప్రతిచోటా ఇంత తేలిగ్గా అవదని నాకు తెలుసు. అవకపోతే యూనియన్ ద్వారా ఇన్‌స్పెక్టరుకి ఫిర్యాదు ఇవ్వండి.

7. లెక్క చేతికొచ్చాక ఏం అడగాలి

అడిగే ముందు మీ వైపు మీరు తేల్చుకోండి. తనిఖీ ఖర్చు ఎవరు భరించాలన్న దాని మీద రెండు దారులున్నాయి. బ్రిటన్‌లో 2012 అక్టోబరు నుంచి, తనిఖీలో గట్టి ఉల్లంఘన కనబడితే ఇన్‌స్పెక్టరు వెచ్చించిన సమయానికి గంటల లెక్కన ఆ సంస్థే కట్టాలి. మొదట్లో గంటకి 124 పౌండ్లు. సరిగ్గా ఉన్నవాడు ఏమీ కట్టక్కర్లేదు. తప్పు చేసినవాడి ఖర్చు జనం మీద పడకపోవడం అందులో మంచి. కానీ ఇన్‌స్పెక్టరు వస్తున్నాడంటే బిల్లు వస్తోందని భయపడి, సలహా అడగడం మానేస్తారన్న విమర్శ కూడా ఉంది.

నా మట్టుకు నేను చెప్పేది ఒకటే. ఇన్‌స్పెక్టరు జీతం, డీజిలు మామూలు బడ్జెట్లోంచే రావాలి. ఆయన భోజనం ఫ్యాక్టరీ కట్టే ఫీజు మీద ఆధారపడకూడదు. కానీ ఫీజు పట్టిక మాత్రం హార్స్ పవర్, మనుషుల సంఖ్యతో ఆగకూడదు, ప్రమాదాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి విశాఖలోని ఆర్.ఆర్.వెంకటాపురం మీదికి స్టైరీన్ అనే రసాయనం ఆవిరి వచ్చినప్పుడు ట్యాంకు దగ్గర ఎన్ని హార్స్ పవర్ మోటార్లున్నాయన్నది ఎవరికి పనికొచ్చింది? 12 మంది పోయారు. మరుసటి రోజే జాతీయ హరిత ట్రిబ్యునల్ 50 కోట్ల రూపాయలు జమ చేయమని కంపెనీని ఆదేశించింది. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఫార్మా ఫ్యాక్టరీ పేలుడులో 17 మంది పోయారు, ఒక్కో కుటుంబానికి కోటి రూపాయలు ప్రకటించారు. ప్రాణాలు పోయాక కోట్లు కదులుతున్నాయి. అంతకు ముందు ఏడాది తనిఖీ బండికి డీజిలు ఎంత విడుదలైందో మనలో ఎంతమంది చూశాం?

అందుకని మీ వినతిపత్రంలో కోరికలు తక్కువగా, అంకెలతో ఉండాలి. ఖాళీ పోస్టులు ఇన్ని, ఫలానా తేదీలోగా భర్తీ చేయండి. ప్రయాణ ఖర్చులకి ఇంత కావాలి, ఎందుకంటే ఇన్ని ఫ్యాక్టరీలకి ఇన్ని తనిఖీలే జరిగాయి. ఒక్క పేజీ మించనివ్వకండి. యజమానుల సంఘం, కార్మిక సంఘం కలిసి సంతకం చేస్తే దానికి బరువు వస్తుంది. ఈ ఒక్క విషయంలో రెండు పక్షాలూ అడిగేది ఒకటే, అయినా కలిసి వెళ్లడం అరుదుగా చూశాను. సేఫ్టీ కమిటీ ఉంటే మినిట్స్‌లో రాయించండి. మీ ఎమ్మెల్యేకి బడ్జెట్ సమావేశాలకి కనీసం నెల ముందు ఇవ్వండి, సభలో ప్రశ్న వేయాలంటే ఆయనకీ సమయం కావాలి. ఆ ప్రశ్నకి శాఖ ఇచ్చే జవాబు రికార్డుల్లో మిగులుతుంది.

పనిలో పనిగా ఒక చిన్న పుస్తకం పెట్టుకోండి. ఎడమ పేజీలో ఏటా 0230 కింద వచ్చినది, కుడి పేజీలో 2230 కింద భద్రతకి ఖర్చయినది, అడుగున మీ ప్రాంతంలో ఆ ఏడాది జరిగిన తనిఖీల సంఖ్య. నా పుస్తకంలో ఆరేళ్ల లెక్కలున్నాయి. కొత్తగా కమిటీలోకి వచ్చిన ఎవరైనా అడిగితే జిరాక్స్ తీయించి ఇస్తున్నాను.